పోయిన పరికరం ఇంకా ఎందుకు కనిపిస్తోంది? పొసగని సేవాన్వేషణ ప్రోటోకాళ్లను ఒకే గేట్‌వేలో కలపడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ఇది. కళాశాల ప్రయోగశాలలో రెండు గదులున్నాయి, గదికొక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ను గేట్‌వేగా, అంటే పరికరాల మధ్య వంతెనగా పెట్టారు. నెట్‌వర్కులో ఏ సేవలున్నాయో పరికరాలు కనుక్కునే పద్ధతులే సేవాన్వేషణ ప్రోటోకాళ్లు, మీ దగ్గర అవి ఐదు. పాత ప్రింటరు వాటిలో ఎస్‌ఎల్‌పీ మాత్రమే మాట్లాడుతుంది. టీవీది యూపీఎన్‌పీ. రెండు కెమెరాలు ఆన్‌విఫ్ అనే కెమెరాల ప్రమాణం ప్రకారం డబ్ల్యూఎస్-డిస్కవరీ వాడతాయి. ఉష్ణోగ్రత సెన్సర్లు, చిన్న పరికరాల కోసం చేసిన కోయాప్ ప్రోటోకాల్ డైరెక్టరీలో నమోదు చేసుకుంటాయి. విద్యార్థుల ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ బాన్‌జూర్ మీద ఆధారపడతాయి. ఏ పరికరం ఏ భాష మాట్లాడినా మిగతా అందరికీ కనిపించాలన్నది మీ లక్ష్యం. కనిపిస్తున్నాయి కూడా. కానీ తీసేసిన సెన్సర్లు మర్నాటి దాకా జాబితాలో ఉండిపోతున్నాయి. ఒకే కెమెరా పేరు చివర (2), (3) తగిలించుకుని పలుమార్లు కనిపిస్తోంది. టీవీ వేసిన నాలుగైదు నిమిషాలకు మాయమవుతోంది, ఆపి మళ్లీ వేస్తే తిరిగి వస్తోంది. వీటితో పాటు, ప్రతి జంటకూ విడిగా అనువాదకం రాయాలా లేక మధ్యలో ఉమ్మడి రూపం పెట్టుకోవాలా, ఆ పని గేట్‌వేలో జరగాలా ఫోన్లో జరగాలా అని అడిగారు.

చివరి రెండింటికీ జవాబు సూటిగా చెప్పేస్తాను. ఉమ్మడి రూపమే పెట్టుకోండి, గేట్‌వేలోనే ఉంచండి. అయితే ఈ రెండు నిర్ణయాలూ మీ మూడు చిక్కుల్లో ఒక్కదాన్నీ తీర్చవు. చాలా ఏళ్లుగా ఇలాంటి వంతెనలు కడుతూ, పాడైనవాటిని బాగుచేస్తూ వచ్చాక నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఈ పనిలో సందేశాన్ని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చడం చిన్న భాగమే. ప్రతి ప్రకటన వెనుకా పరికరం ఇచ్చిన ఒక మాట ఉంటుంది, 'ఇంతసేపు నేను ఇక్కడ ఉంటాను' అని. ఆ మాట ఎవరిచ్చారు, ఎంతవరకు ఇచ్చారు అన్నది మారకుండా అవతలి వాళ్లకు చేర్చడమే అసలు పని. అది చేరకపోతే మీ గేట్‌వే, ఇంట్లో అద్దెకు మనుషులు దిగి ఆరునెలలైనా గేటుకు వేలాడుతున్న టూ-లెట్ బోర్డు లాంటిదవుతుంది. చూసినవాళ్లు నమ్మి తలుపు తడుతూనే ఉంటారు.

ఇన్ని భాషలు ఎందుకు పుట్టాయో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రతి ప్రోటోకాల్ ఇచ్చే మాట అది పుట్టిన చోటును బట్టి ఉంటుంది. జిరాక్స్ సంస్థ పరిశోధనశాల పార్క్‌లో పనిచేసిన మార్క్ వైజర్ 1991లో రాసిన వ్యాసంలో, కంప్యూటర్లు మన పరిసరాల్లో కలిసిపోయి, మన ధ్యాసను కోరకుండా పనిచేసే కాలాన్ని ఊహించారు. అది జరగాలంటే గదిలోకి వచ్చిన పరికరం అక్కడ ఏమేమి ఉన్నాయో తనంతట తానే తెలుసుకోవాలి. ఆ అవసరానికి 1990ల చివరి నుంచి ఒక్కొక్కరు ఒక్కో జవాబు ఇచ్చారు. ఎస్‌ఎల్‌పీ రెండో రూపం 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2608 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రంగా వచ్చింది. అది సంస్థల నెట్‌వర్కుల కోసం ఆలోచించినది కాబట్టి, అందులో సేవల చిట్టా ఉంచుకునే డైరెక్టరీ ఏజెంటుకు చోటుంది, షరతులు పెట్టి వడకట్టే భాష కూడా ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన జిని అవతలి వైపు జావా నడుస్తుందని నమ్ముకుంది. అక్కడ సేవ దొరకడమంటే, దాని తరఫున పనిచేసే కోడే మీ చేతికి రావడం. యూపీఎన్‌పీ ఇంటి నెట్‌వర్కును ఊహించుకుంది. అందులో డైరెక్టరీ ఉండదు, ఎవరి చాటింపు వాళ్లే వేసుకుంటారు, వివరాలు ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటాయి. యాపిల్ 2002లో రాందేవూ పేరుతో తెచ్చి 2005లో బాన్‌జూర్‌గా పేరు మార్చినది, పేర్లను చిరునామాలుగా మార్చే, అందరికీ తెలిసిన డీఎన్‌ఎస్ రికార్డులనే మల్టీకాస్ట్ మీద, అంటే ఒక గుంపుకంతటికీ ఒకేసారి వెళ్లే ప్యాకెట్ల మీద నడిపించింది. అది 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6762, 6763లుగా స్థిరపడింది. వీటిలో ఏదీ తెలివితక్కువ రూపకల్పన కాదు. ఎవరి ఊహలో ఉన్న గది వేరు, అంతే.

వినడం వరకు పని సులువే. ప్రతి ప్రోటోకాల్‌కూ ముందే నమోదైన చిరునామా, పోర్టు ఉంటాయి. ఎస్‌ఎల్‌పీకి 239.255.255.253, పోర్టు 427. బాన్‌జూర్‌కు 224.0.0.251, పోర్టు 5353. యూపీఎన్‌పీకీ డబ్ల్యూఎస్-డిస్కవరీకీ చిరునామా ఒక్కటే, 239.255.255.250. పోర్టులు మాత్రం 1900, 3702గా వేరు. గేట్‌వే ఈ గుంపుల్లో చేరి ఊరికే చెవి ఒగ్గితే చాలు, గదిలో ఎవరు ఏ భాష మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. ప్యాకెట్ లోపలికి చూడనవసరం కూడా లేదు. ఫ్రాన్సులోని ఇన్రియా పరిశోధన సంస్థలో యెరోమ్-డేవిడ్ బ్రోంబర్గ్, వాలెరీ ఇసార్నీ 2005లో ప్రచురించిన ఇండిస్ అనే వ్యవస్థకు ఇదే పునాది. అందులో ప్రతి ప్రోటోకాల్‌కూ ఒక విభాగం ఉంటుంది. దానిలో ఒక భాగం వచ్చిన సందేశాన్ని విడగొట్టి చిన్నచిన్న సంఘటనలుగా మారుస్తుంది, ఇంకో భాగం సంఘటనలను కూర్చి తన భాషలో సందేశం తయారుచేస్తుంది. అన్ని ప్రోటోకాళ్లకూ ఉమ్మడిగా ఉండే సంఘటనలు కొన్ని, ఒక్కో ప్రోటోకాల్‌కే సొంతమైనవి కొన్ని. తనకు అర్థం కాని సంఘటనను ఏ విభాగమైనా వదిలేస్తుంది. ఈ చిన్న నియమం వల్లే కొత్త ప్రోటోకాల్ వచ్చినప్పుడు పాతవాటిని ముట్టుకోనక్కరలేదు. మీకున్న ఐదు ప్రోటోకాళ్లకు జంటల లెక్కన వెళితే 10 జంటలు, రాకపోకలు కలిపి 20 అనువాదకాలు. ఉమ్మడి రూపంతో ఐదు విభాగాలే. ఆరోది వస్తే ఇంకొక్కటి రాస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఒక్క వెతుకులాటను మొదటి నుంచి చివరి దాకా చూడండి. ఒక ల్యాప్‌టాప్ 'ఐపీపీ ప్రింటర్లు ఎవరు?' అని బాన్‌జూర్‌లో అడుగుతుంది. ఐపీపీ అంటే నెట్‌వర్కు మీద ముద్రించే ప్రోటోకాల్. ఆ రకం సేవల పేర్లు చెప్పే పీటీఆర్ రికార్డు కోసం ఒకే ఒక ప్రశ్న అది. ఎస్‌ఎల్‌పీ వైపు దానికి సమానమైన ప్రశ్న వేస్తే వచ్చే జవాబులో సేవ చిరునామా, దాని గడువు మాత్రమే ఉంటాయి. రంగుల్లో ముద్రిస్తుందా, ఏ గదిలో ఉంది వంటి లక్షణాలు కావాలంటే ఇంకో ప్రశ్న వేయాలి. అవి వచ్చాక పీటీఆర్, యంత్రం పేరూ పోర్టూ చెప్పే ఎస్‌ఆర్‌వీ, లక్షణాలు చెప్పే టీఎక్స్‌టీ, చిరునామా రికార్డు అన్నీ కూర్చి పంపాలి. యూపీఎన్‌పీ వైపు ఇంకా పొడుగు. అక్కడ జవాబులో రకం, గుర్తింపు, గడువు పోగా వివరణ ఫైలు ఎక్కడుందో మాత్రమే ఉంటుంది, దాన్ని హెచ్‌టీటీపీ ద్వారా తెచ్చి చదివితే గాని పరికరం పేరు కూడా తెలియదు. ఒక భాషలో ఒక్క వాక్యం, ఇంకో భాషలో మూడు వాక్యాల సంభాషణ అన్నమాట. అందుకే మీ విభాగాలను 'ఒకటి వస్తే ఒకటి పంపు' అన్న పద్ధతిలో కాక, తాను ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకునే స్థితియంత్రాలుగా రాయండి. మీరు పంపిన కోడులో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే.

సమయం కూడా చూసుకోవాలి. బాన్‌జూర్‌లో వెతికేవాళ్లు వింటూనే ఉంటారు, జవాబు రెండు సెకన్లు ఆలస్యమైనా జాబితాలో చేరుతుంది. యూపీఎన్‌పీ 1.1లో అడిగినవాడు ఎంఎక్స్ అనే గడువు పెడతాడు, అది ఒకటి నుంచి ఐదు సెకన్లు. ఆ లోగా జవాబు రాకపోతే లేనట్టే లెక్క. మూడు మెట్ల సంభాషణ ముగించి తిరిగివచ్చేలోపు కిటికీ మూసుకుపోతుంది. కాబట్టి అడిగినప్పుడు వెతకడం కాకుండా, ముందే అన్నీ వెతికి దాచుకుని సిద్ధంగా ఉండాలి. మీరు కూడా అలాగే చేశారు, సరైన పనే. కానీ దాచుకున్న క్షణం నుంచి మీరు ఇంకొకరి మాటను మీ నోటితో చెబుతున్నారు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

ఎవరి మాట ఎంతకాలం చెల్లుతుందో చూడండి. బాన్‌జూర్‌లో యంత్రం పేరుతో ముడిపడిన రికార్డులకు 120 సెకన్లు, మిగతావాటికి 75 నిమిషాలు సూచించారు. యూపీఎన్‌పీ ప్రకటనకు కనీసం 1800 సెకన్లు ఉండాలని సూచన. ఎస్‌ఎల్‌పీలో 65,535 సెకన్ల దాకా, అంటే 18 గంటలకు పైగా ఇవ్వవచ్చు. డబ్ల్యూఎస్-డిస్కవరీలో వచ్చేటప్పుడు హలో, వెళ్లేటప్పుడు బై చెబుతాయి గాని, ప్రకటనలో గడువన్నదే ఉండదు. కరెంటు పోయిన కెమెరా బై చెప్పదు కదా. ఇక మీ సెన్సర్ల సంగతి. కోయాప్ రిసోర్స్ డైరెక్టరీని నిర్వచించే ఆర్‌ఎఫ్‌సీ 9176 ప్రకారం, నమోదు చేసేటప్పుడు ఎల్‌టీ (గడువు) విలువ ఇవ్వకపోతే గడువు 90,000 సెకన్లు. సరిగ్గా 25 గంటలు! మీ సెన్సర్లు మర్నాటి దాకా కనిపించడానికి కారణం మీ వంతెన కాదు, ఎవరూ పూరించని ఆ ఒక్క విలువ. కరెంటు మీద నడిచే సెన్సర్లకు ఐదు పది నిమిషాల ఎల్‌టీ పెట్టి తరచూ నమోదును కొత్తచేయించండి. బ్యాటరీ సెన్సరు ఎంతసేపటికి ఒకసారి మేలుకుంటుందో దానికి రెండింతలు పెట్టండి, మరీ తగ్గిస్తే బ్యాటరీ అయిపోతుంది.

ఈ గడువుల విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి ఒక అనుభవం ఉంది. కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో, వార్డులోని గడియారాలు, తెరలు, పిలుపు గంటలు అన్నింటినీ ఒకే జాబితాలో చూపే గేట్‌వే ఉండేది. ఒక రాత్రి నర్సు పంపిన పిలుపు ఒక తెర మీదికి వెళ్లింది. ఆ తెర నలభై నిమిషాల కిందటే ఆగిపోయింది. గేట్‌వే మాత్రం అది ఉందనే చెబుతోంది. కారణం వెతికితే తేలింది ఇది: తెర చివరిసారి ఇచ్చిన 1800 సెకన్ల గడువును గేట్‌వే దాచుకుంది. బాన్‌జూర్ వైపు ఎవరు అడిగినా, ఆ గడువులో ఎంత మిగిలిందో చూడకుండా తన సొంత 75 నిమిషాలను ప్రతిసారీ కొత్తగా రాసి పంపింది. తెర ఇచ్చిన మాట అరగంటకే. గేట్‌వే దాన్ని గంటంపావు చేసేసింది. వేరే తెర చూసిన మరో నర్సు వెంటనే వెళ్లడం వల్ల ఆ రోజు ఎవరికీ హాని జరగలేదు. కానీ ఆ తర్వాత నేను ఏ వంతెన కోడు చూసినా, మొట్టమొదట వెతికేది గడువును ఎక్కడ లెక్కిస్తున్నారన్నదే.

కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి. మూలపరికరం ఇచ్చిన గడువులో ఎంత మిగిలి ఉందో అంతే అవతలికి ఇవ్వాలి. 40 సెకన్లు మిగిలితే 40 సెకన్లే. అవతలి ప్రోటోకాల్ ఇంతకంటే ఎక్కువ పెట్టమని సూచించినా సరే, లేని కాలాన్ని మీరు సృష్టించకూడదు. మూలపరికరం గడువు పొడిగించినప్పుడే మీరూ పొడిగించాలి. పొడిగింపు రాకుండా గడువు తీరితే, అన్ని వైపులా వీడ్కోలు పంపాలి. బాన్‌జూర్‌లో సున్నా గడువుతో రికార్డు, యూపీఎన్‌పీలో బైబై, డబ్ల్యూఎస్-డిస్కవరీలో బై. ఎస్‌ఎల్‌పీ వైపు జాగ్రత్త. డైరెక్టరీ ఏజెంటు ఉంటే అక్కడ నమోదు రద్దు చేయవచ్చు గాని, ఇప్పటికే జవాబు తీసుకుని వెళ్లిన క్లయింటుకు 'అది లేదు' అని తర్వాత చెప్పే దారి మూల ప్రోటోకాల్‌లో లేదు. నోరు జారిన మాట లాంటిది. అందుకే ఎస్‌ఎల్‌పీకి మీరిచ్చే గడువులు మొదటి నుంచీ చిన్నవిగా ఉండాలి.

గడువే లేని డబ్ల్యూఎస్-డిస్కవరీ పరికరాలకు మీరే ఒకటి కట్టాలి. నేను నిమిషానికి ఒకసారి నేరుగా ఆ పరికరాన్నే పలకరిస్తాను, వరుసగా మూడుసార్లు పలకకపోతే పోయినట్టు లెక్క. ఇంకో మంచి అవకాశాన్ని చాలామంది వాడుకోరు. బాన్‌జూర్ క్లయింట్లు తమకు కావలసిన రికార్డు గడువులో 80 శాతం గడవగానే మళ్లీ అడగడం మొదలుపెడతాయి, 85, 90, 95 శాతాల దగ్గర కూడా అడుగుతాయి. ఆ ప్రశ్న మీ గేట్‌వేకు చేరినప్పుడు దాచుకున్న జవాబు ఇచ్చేయకండి. ఎవరో ఆ సేవను నిజంగా వాడుతున్నారన్న కబురు అది. వెంటనే మూలపరికరాన్ని దాని భాషలో అడిగి, అది పలికాకే జవాబివ్వండి. అప్పుడు ఎవరికీ అవసరం లేని పరికరాలను ఊరికే తట్టి లేపే బాధ తప్పుతుంది, అవసరమైనవాటి విషయంలో జాబితా నిజంగా ఉంటుంది.

కెమెరా సంగతి వేరు. పేరు చివర (2) కనిపించిందంటే, బాన్‌జూర్‌లో పేర్ల తగాదా జరిగిందని అర్థం. మీ రెండు గేట్‌వేలూ ఒకే కెమెరాను వింటున్నాయి, రెండూ ఒకే పేరుతో ప్రకటించబోతున్నాయి. ప్రకటించే ముందు బాన్‌జూర్‌లో 250 మిల్లీసెకన్ల ఎడంతో మూడుసార్లు 'ఈ పేరు ఎవరిదైనా ఉందా?' అని అడగాలి. రెండో గేట్‌వే అడిగినప్పుడు మొదటిది 'నాది' అంటుంది, రెండోది పక్కకు తప్పుకుని (2) తగిలించుకుంటుంది. అయితే ఆర్‌ఎఫ్‌సీ 6762లో ఒక సూక్ష్మం ఉంది. పేరు, రకం ఒకటై లోపలి విలువ కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే అది తగాదా కాదు. ఒకరి బదులు ఇంకొకరు జవాబు చెప్పే ఏర్పాట్ల కోసమే అలా రాశారు. మీ కోడులో ఎస్‌ఆర్‌వీ రికార్డు గేట్‌వే పేరును చూపిస్తోంది, కాబట్టి రెండింటి విలువలూ వేరవుతున్నాయి. గేట్‌వే పేరు కాకుండా కెమెరా సొంత చిరునామాకు కట్టుబడ్డ పేరు ఒకటి, రెండు గేట్‌వేలూ ఒకే సూత్రంతో తయారుచేసేలా పెట్టండి. టీఎక్స్‌టీ రికార్డులో అంశాల వరుస కూడా ఒకటే ఉండాలి. పైథాన్‌లో నిఘంటువును అలాగే కూర్చి పంపితే, అంశాలు చేరిన క్రమం బట్టి రెండు చోట్లా వరుస మారిపోతుంది. అక్షరక్రమంలో పేర్చి పంపండి. యూపీఎన్‌పీ వైపు కావలసిన యూయూఐడీని (పరికరం ప్రత్యేక గుర్తింపు సంఖ్యను) యాదృచ్ఛికంగా పుట్టించకండి. మూలపరికరం గుర్తింపు నుంచి ఐదో రకం యూయూఐడీ లెక్కించండి. రెండు గేట్‌వేలూ విడివిడిగా లెక్కించినా ఫలితం ఒకటే వస్తుంది.

(3) ఎక్కడి నుంచి వచ్చిందంటే, అది వలయం. మొదటి గేట్‌వే కెమెరాను బాన్‌జూర్‌లోకి తెచ్చింది. రెండోది ఆ బాన్‌జూర్ ప్రకటనను విని, అదేదో కొత్త పరికరమనుకుని డబ్ల్యూఎస్-డిస్కవరీలోకి పంపింది. మొదటిది దాన్ని విని మళ్లీ బాన్‌జూర్‌లోకి తెచ్చింది. వంతెన మీదుగా వచ్చిన ప్రతి ప్రకటనకూ మూలం గుర్తు ఉండాలి. బాన్‌జూర్‌లో టీఎక్స్‌టీ అంశంగా, ఎస్‌ఎల్‌పీలో లక్షణంగా, డబ్ల్యూఎస్-డిస్కవరీలో స్కోపుల జాబితాలో ఒక యూఆర్‌ఐగా పెట్టవచ్చు. ఆ గుర్తున్న దేన్నీ ఏ గేట్‌వే మళ్లీ అనువదించకూడదు. చాలా కెమెరాలు తమంతట తాము కూడా రెండు మూడు ప్రోటోకాళ్లు మాట్లాడతాయి. పరికరం సొంత గొంతు వినిపిస్తున్న చోట వంతెన మౌనంగా ఉండాలి. ఒకే సబ్‌నెట్‌లో ఉన్నప్పుడు, రెండు ప్రకటనలూ ఒకే మ్యాక్ (హార్డ్‌వేర్) చిరునామా నుంచి వస్తున్నాయేమో చూస్తే ఇది తెలిసిపోతుంది.

టీవీ మాయం కావడానికి మీ కోడుతో సంబంధం లేదు, నెట్‌వర్కు స్విచ్ దగ్గరికి వెళ్లండి. అందులో ఐజీఎంపీ స్నూపింగ్ పెట్టి ఉండవచ్చు, అంటే ఏ పోర్టు వెనుక ఎవరు ఏ మల్టీకాస్ట్ గుంపులో చేరారో స్విచ్ గుర్తుంచుకుంటుంది. ఆ చేరికను అప్పుడప్పుడు 'ఇంకా ఉన్నారా?' అని అడిగే క్వెరియర్ నెట్‌వర్కులో ఒకటి ఉండాలి. లేకపోతే ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, డిఫాల్ట్ విలువల ప్రకారం 260 సెకన్లకు స్విచ్ ఆ చేరికను మరిచిపోతుంది. ఆ తర్వాత మీ వెతుకులాట ప్యాకెట్ టీవీ దాకా వెళ్లదు. నాలుగైదు నిమిషాలన్న మీ మాట చదవగానే నాకు ఈ 260 గుర్తొచ్చింది. టీవీని ఆపి వేస్తే అది గుంపులో కొత్తగా చేరుతుంది కాబట్టి మళ్లీ కాసేపు పలుకుతుంది. బాన్‌జూర్‌కు ఈ బాధ లేకపోవడానికి కారణం, 224.0.0తో మొదలయ్యే చిరునామాలను స్విచ్‌లు సాధారణంగా వడకట్టకుండా అన్ని పోర్టులకూ పంపేస్తాయి. స్విచ్‌లోనో రౌటర్‌లోనో క్వెరియర్‌ను ఆన్ చేయండి. వైఫై మీద కూడా మల్టీకాస్ట్ ప్యాకెట్లకు అందినట్టు రసీదు ఉండదు, పోతే పోయినట్టే. అందుకే ఒక్కసారి పలకని పరికరాన్ని వెంటనే కొట్టేయవద్దని చెప్పేది.

సేవల రకాలను జతపరిచే విషయంలో చాలా ప్రాజెక్టులు అవసరానికి మించి పెద్ద ఊహలు చేసి ఆగిపోతాయి. ప్రపంచంలోని సేవలన్నింటికీ అర్థకోశం తయారుచేయనక్కరలేదు. మీ దగ్గరున్న ఐదారు రకాలకు చిన్న పట్టిక చేతితో రాసుకోండి. అందులో పోయేది పోతుందని ఒప్పుకోండి. ఎస్‌ఎల్‌పీ క్లయింటు 'రంగుల్లో ముద్రించేది, నిమిషానికి 12 పేజీలకు తక్కువ కానిది' అని షరతు పెట్టి అడగగలదు. యూపీఎన్‌పీలో రకం పేరో, పరికరం గుర్తింపో తప్ప ఇంకేమీ అడగలేం. అప్పుడు ఆ షరతును గేట్‌వేయే తాను దాచుకున్న లక్షణాల మీద పరీక్షించి, నెగ్గినవాటినే పంపాలి. లక్షణం తెలియకపోతే నెగ్గినట్టు చూపకండి.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి. కనిపించడం వేరు, వాడగలగడం వేరు. ఎస్‌ఎల్‌పీలో దొరికిన ప్రింటరు ఐపీపీ మాట్లాడితే, దాన్ని బాన్‌జూర్‌లో చూపించడం న్యాయం. ల్యాప్‌టాప్ నేరుగా దానితో మాట్లాడుకుంటుంది, వంతెన పక్కకు తప్పుకుంటుంది. కెమెరా ఆర్‌టీఎస్‌పీ వీడియో ప్రవాహం కూడా అంతే. కానీ యూపీఎన్‌పీ టీవీని నడపాలంటే సోప్ అనే పద్ధతిలో ఆజ్ఞల సందేశాలు పంపాలి. అవి రాని ఫోనుకు ఆ టీవీని చూపించడం ఆశపెట్టి నిరాశపరచడమే. అలాంటి చోట రెండే దారులు: ఆజ్ఞలను కూడా అనువదించే ప్రతినిధిని గేట్‌వేలో రాయడం, లేదా చూపించకపోవడం. 2006 నాటి యూమిడిల్, 2009 నాటి జెడ్‌టూజెడ్, 2011 నాటి స్టార్‌లింక్ అనే పరిశోధన వ్యవస్థ వంటివి అన్వేషణ దాటి ఈ సంభాషణల అనువాదం మీద పనిచేశాయి. వాటి పత్రాలు వెతికి చదవండి. మీ పట్టికలో ప్రతి రకం పక్కనా, దాన్ని వాడే ప్రోటోకాల్ ఏమిటో కూడా రాసుకుంటే ఈ నిర్ణయం దానంతట అదే తేలుతుంది. జిని మీ గదిలో లేకపోవడం మేలే. సేవకు బదులు జావా కోడే చేతికొచ్చే పద్ధతిని జావా లేని చోటికి అనువదించడం కుదరదు, మధ్యలో దాన్ని నడిపే యంత్రం ఉండి తీరాలి.

గేట్‌వేనే ఎందుకు అన్నదానికి కారణాలు రెండు. ఐఓఎస్ 14 నుంచి సొంతంగా మల్టీకాస్ట్ ప్యాకెట్లు పంపాలంటే యాప్‌కు యాపిల్ ఇచ్చే ప్రత్యేక అనుమతి ఉండాలి, ఆండ్రాయిడ్‌లో మల్టీకాస్ట్ లాక్ తీసుకోవాలి. బాన్‌జూర్‌కు మాత్రం రెండింటిలోనూ సిద్ధంగా ఉన్న సదుపాయం ఉంది, కాబట్టి ఫోన్లకు మీరు బాన్‌జూర్ ఒక్కటి అందిస్తే చాలు. రెండోది ఫోను బ్యాటరీ. అయితే బ్లూటూత్ పరికరాలను తర్వాత చేర్చే ఆలోచన ఉంటే ఒక్క మాట. బ్లూటూత్‌లో కనిపించడమంటే దగ్గరలో ఉండడం. దాన్ని గేట్‌వే ద్వారా నెట్‌వర్కు అంతటికీ చూపిస్తే ఆ దగ్గరతనం అన్న అర్థం పోతుంది. పక్క గదిలోని విద్యార్థికి ఈ గదిలోని స్పీకరు కనిపిస్తుంది. ఏ గేట్‌వేకు వినిపించిందో దాన్ని గది పేరుగా ప్రకటనలో చేర్చండి.

ఇలా పరిధి పెరగడంలో ప్రమాదం కూడా ఉంది. బాన్‌జూర్ ఒక్క లింకు (ఒకే స్థానిక నెట్‌వర్కు) దాటదు, అది దాని లోపం కాదు, కంచె. మీ వంతెన ఆ కంచెను తెరుస్తుంది. ఏ రకం సేవ ఏ వైపు నుంచి ఏ వైపుకు వెళ్లవచ్చో అనుమతి జాబితా పెట్టండి, అందులో లేనిది కదలకూడదు. ఎస్‌ఎల్‌పీ పోర్టు 427 బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉందేమో ఇవాళే చూడండి. సీవీఈ-2023-29552గా నమోదైన లోపంతో, పంపిన దానికి 2,200 రెట్ల దాకా పెద్ద జవాబును మూడోవాళ్ల మీదికి మళ్లించవచ్చని 2023లో వెల్లడైంది. గేట్‌వే మీద మీరు రాసిన ఎస్‌ఎల్‌పీ విభాగం కూడా స్థానిక సబ్‌నెట్ చిరునామాలకు తప్ప జవాబు ఇవ్వకూడదు.

ఇప్పుడు స్మార్ట్ ఇంటి పరికరాల ఉమ్మడి ప్రమాణం మ్యాటర్ వచ్చింది కదా, ఇదంతా ఎందుకు అని మీ సహచరుడు అన్నారని రాశారు. 2022 అక్టోబరులో మొదటి రూపం విడుదలైన మ్యాటర్ అన్వేషణకు బాన్‌జూర్ వాడే డీఎన్‌ఎస్-ఎస్‌డీనే ఎంచుకుంది. కొత్త పరికరాలు కొనేవాళ్లకు అది మంచిదే. కానీ అందులోనూ వంతెన ఉంది. థ్రెడ్ అనే తక్కువ కరెంటు వైర్‌లెస్ నెట్‌వర్కులో నిద్రపోతూ మేలుకునే చిన్న పరికరాలు మల్టీకాస్ట్ వింటూ కూర్చోలేవు. అవి తమ సేవను, ఆ నెట్‌వర్కును వైఫైకి కలిపే బోర్డర్ రౌటర్ దగ్గర గడువుతో నమోదు చేస్తాయి, రౌటర్ వాటి తరఫున వైఫై వైపు ప్రకటిస్తుంది. గడువులోగా కొత్తచేయకపోతే తీసేస్తుంది. మీ కోయాప్ సెన్సర్లకు మీరు చేయవలసింది అచ్చంగా అదే. మీ పాత ప్రింటరు ఎలాగూ మ్యాటర్ నేర్చుకోదు.

ఇక పని మొదలుపెట్టే క్రమం. కోడు ముట్టుకోకముందే ప్రతి పరికరాన్నీ ఒక్కొక్కటిగా, మర్యాదగా ఆపకుండా ప్లగ్ పీకేయండి. గడియారం పెట్టుకుని, నాలుగు వైపులా జాబితాల్లోంచి అది పోవడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. తర్వాత ఈ వరుసలో స్విచ్‌లో క్వెరియర్, సెన్సర్లలో ఎల్‌టీ, గేట్‌వేలో మిగిలిన గడువు లెక్క, మూలం గుర్తు సరిచేస్తూ, ఒక్కో మార్పు తర్వాత మళ్లీ ప్లగ్ పీకి చూడండి. బాన్‌జూర్ వైపు పట్టే సమయం మూలపరికరం ఇచ్చిన గడువును దాటిన చోటల్లా, గడువును ఇంకా ఎక్కడో మీ కోడే కొత్తగా రాస్తోందని అర్థం. ఆ అంకెల పట్టిక, రెండు గేట్‌వేల టీఎక్స్‌టీ రికార్డులు ఉన్నవున్నట్టు ఇక్కడ పెట్టండి. మిగిలిన చిక్కు ఎక్కడుందో వాటిని చూసి చెప్పగలను.